పిల్లికూతలు

మా పల్లెలో ఉబ్బసాన్ని ఉబ్బసమనరు. ఆయాసమంటారు. రాత్రిపూట పిల్లల రొమ్ములోంచి వచ్చే ఆ సన్నని చప్పుణ్ణి పిల్లికూతలంటారు. మా తమ్ముడి పిల్లికూతలు వింటూ పెరిగినదాన్ని నేను.

మా అమ్మ గుంటూరు పక్క కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయలకు ముచ్చికలు తీసే పనికి పోయేది. తెల్లారుజామున పోతే పొద్దుగూకినాక వచ్చేది. చీర మడతల్లోంచి కోరు లేచేది. పక్కలో పడుకున్న తమ్ముడికి నడిరేయి మొదలయ్యేది. వాడి డొక్కలు లోపలికి గుంజుకుపోతుంటే అమ్మ వీపు రాస్తా "నా కొంగే నా బిడ్డకి పగయిందే" అని ఏడ్చేది. పని చీర గుమ్మం బయటే మార్చి, నీళ్లు పోసుకున్నాకనే బిడ్డను ఎత్తుకోవాలని ఆమెకామే కనిపెట్టింది. ఏ డాక్టరూ చెప్పలా. మాకు దొరికిన వైద్యం ఆరెంపీ సూది, పాస్టరుగారి ప్రార్థన. ఆ రాత్రికి తగ్గేది. మళ్లీ వారానికి మామూలే.

ఇప్పుడు నా నాలుగో తరగతిలో మాదిగపల్లె పిల్ల ఒకతి ఉంది. అదే చప్పుడు. బళ్లో ఆయాసం ఏ రోజుల్లో వస్తుందా అని రెండు వారాలు చూశాను. తరగతి ఊడ్చిన రోజుల్లో వస్తుంది! ఊడ్చేదానికి వంతులున్నాయని పేరే. చీపురు మాత్రం మా పల్లెల పిల్లల చేతికే వస్తుంది. ఎవరిచ్చారంటే ఎవరూ చెప్పరు. పాతికేళ్ల కింద నా చేతికీ అట్లాగే వచ్చింది. సుద్దపొడి, మట్టి, బొద్దింకల పెంట అంతా ఆ పిల్ల ముక్కులోకే.

నేను చేరినాక రోల్ నంబరు ప్రకారం వంతులు పెట్టాను. ముందు నీళ్లు చిలకరించాలి, ఆయాసమున్న పిల్లలు చీపురు ముట్టగూడదు. మర్నాడే ఊళ్లోంచి ఒకాయన వచ్చాడు. "మా అమ్మాయి చేత ఊడిపిస్తారా టీచర్?" అన్నాడు. "నిన్నటిదాకా ఊడ్చింది కూడా ఒక అమ్మ కన్న పిల్లేనండీ" అన్నాను. ఆ మాట పక్కనబెట్టి, "ఆ పిల్లది అంటురోగమంట గదా, విడిగా కూర్చోబెట్టండి" అన్నాడు.

అంటు! ఆ మాట మాకు కొత్తా?

ఉబ్బసం అంటుకోదు. ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్మో, పొగో, కోరో, జలుబో తగిలితే గొట్టాల చుట్టూ కండ బిగుసుకుంటుంది, కళ్లె అడ్డం పడుతుంది. సన్నబడ్డ దారిలో గాలి ఈల వేస్తుంది. ఇందులో పక్కపిల్లకు అంటేదేముంది?

ఆ పిల్ల తల్లి భయం వేరు. "పంపు పీలిస్తే అలవాటైపోద్దంట గదమ్మా, రేపు పెళ్లెట్లా?" అంది. అక్కా, సాల్బుటమాల్ మాత్ర 2 మిల్లీగ్రాములుంటుంది, పంపు ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములే, అంటే ఇరవయ్యో వంతు, అదీ నేరుగా రొమ్ములోకి పోతుంది అని చెప్పాను. ఇది ఆయాసమొచ్చినప్పటి పంపు. రెండోది, వాపు తగ్గించే బుడెసొనైడ్ లాంటిది, డాక్టరు రాస్తే బాగున్న రోజుల్లో కూడా వాడాలి, పీల్చాక నోరు పుక్కిలించాలి. మావాళ్లు ఆపేసేది ఈ రెండోదాన్నే, తగ్గింది గదా అని.

చిన్నపిల్లలకు పంపు నేరుగా పీల్చటం రాదు. మధ్యలో స్పేసర్ గొట్టం కావాలి. అది కొనలేకపోతే అరలీటరు ప్లాస్టిక్ సీసా అడుగున పంపు మూతి పట్టేంత బెజ్జం చేసి, సందు లేకుండా మూసి వాడొచ్చని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లో పరీక్షించి చూపించారు. మేము అదే చేశాం. పంపు ఊపి, ఒక్కో నొక్కుకు అయిదారు ఊపిర్లు. పిల్ల మాట పూర్తిచెయ్యలేకపోయినా, పెదాలు నీలంగా మారినా పంపు ఇస్తూనే ఆస్పత్రికి పోవాలి. ఇంకా ఎగపోస్తూనే ఉంటే, పిల్లికూత ఆగిందని సంబరపడొద్దు. గాలే ఆడటం లేదని అర్థం.

మృగశిర కార్తెకి నాంపల్లి పోయి చేపమందు మింగించుకొస్తానంది ఆమె. వైద్య పరీక్షల రుజువు దానికి లేదని చెప్పాను. పోయినా పంపులు మాత్రం ఆపొద్దన్నాను. పోయింది, ఆపలేదు.

ఈ ఏడు ఆ పిల్ల ఖోఖోలో పేరిచ్చింది. సంచిలో నీలం పంపు, సీసా, నా బీరువాలో ఇంకొకటి. మధ్యాహ్నం భోజనం కట్టెల పొయ్యి మాత్రం ఇంకా మా తరగతి కిటికీ కిందే ఉంది. సిలిండరు ఖర్చు గిట్టదంటుంది వండే ఆవిడ. ఆమె అన్నదీ నిజమే. పొగ ముందు తగిలేది ఆమెకే. పొయ్యి అవతలికి మార్చమని రెండు అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు. పది దాటగానే ఆ పక్క కిటికీ మూసి, ఇవతలి తలుపు తెరుస్తున్నాం.