కలువ కోసం కడియం దాకా

"ఒరేయ్, ఆ గొయ్యి నువ్వు పూడుస్తావా, నన్నే పూడ్చేయమంటావా?"

జూన్ మొదట్లో ఒక ఆదివారం పొద్దున్నే అమ్మ పార చేత్తో పట్టుకుని అన్న మాట ఇది. ఆ 'గొయ్యి' నేను పెరట్లో కట్టుకున్న చెరువు. చెరువు అంటే మరీ ఊహించుకోకండి. ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు. ఫోన్‌లో చూసిన రీల్స్‌లో ఇలాంటి వాటిలో నీళ్లు అద్దంలా ఉంటాయి, పైన నీలం కలువలు, కింద ఎర్ర చేపలు. మా దాంట్లో నీళ్లు పెసరపిండి కలిపినట్టున్నాయి.

అమ్మ కోపానికి కారణం రంగు కాదు. కిందటేడు వానాకాలంలో తమ్ముడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ నాలుగు రాత్రులూ అమ్మ కుర్చీలోనే కూర్చుంది. అప్పట్నుంచి ఎక్కడ నిలవ నీళ్లు కనిపించినా ఆవిడకి పాము కనిపించినట్టే. అలాంటి ఇంట్లో నేను కావాలని నీళ్లు నిలవ పెట్టాను! ఆవిడ పార పట్టుకోవడంలో తప్పేం లేదు.

"వానలు పడేలోపు బాగు చేస్తానమ్మా" అన్నాను.

"వానలు పడేలోపే. తర్వాత నా ఇష్టం" అంది.

మా ఊరు తణుకు పక్కన. ఇంటి నుంచి పని చేసే ఉద్యోగం కాబట్టి పొద్దున్నే పెరట్లో గంట తిరగడానికి టైం ఉంటుంది. నిజానికి అది నా రెండో చెరువు. మొదటిది మామిడి చెట్టు కింద తవ్వాను, నీడగా చల్లగా ఉంటుందని. అంతకన్నా పనికిమాలిన చోటు పెరట్లో ఇంకోటి లేదని రెండు వారాల్లోనే తెలిసింది. ఆకులన్నీ నీళ్లలో రాలి కుళ్లాయి. కలువకి రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ కావాలి, అక్కడ గంట కూడా పడదు. పైగా కింద పరిచింది మామూలు టార్పాలిన్. ఒక రాత్రి పందికొక్కు పక్క నుంచి బొరియ తవ్వి దాన్ని కొరికేసింది. తెల్లారేసరికి చెరువు ఖాళీ. మామిడి చెట్టుకి మాత్రం ఆ రోజు పండగ.

రెండోసారి బావి పక్కన, ఎండ పడే చోట తవ్వాను. రాళ్లూ వేర్ల మొనలూ ఏరేసి, రెండంగుళాలు ఇసక పోసి, పైన పాత గోనె సంచులు పరిచాను. షీటు కోసం భీమవరం వెళ్లాను. రొయ్యల చెరువులకి అడుగున పరిచే నల్లటి హెచ్‌డీపీఈ షీటు అక్కడ కోసి ఇస్తారు. ఎంత కొనాలో లెక్క తేలికే. పొడవుకి లోతు రెండుసార్లు కలిపి, అంచులకి ఇంకో రెండడుగులు కలపాలి. వెడల్పుకీ అంతే. నాకు పద్నాలుగు బై పదకొండు వచ్చింది. అంచు అంతా ఒకే మట్టంలో ఉండాలి, లేకపోతే నీళ్లు ఒక పక్క పొర్లుతుంటే ఇంకో పక్క షీటు బయటికి వెక్కిరిస్తుంది. తాపీమేస్త్రి వాడే లెవెల్ ట్యూబు అడిగి తెచ్చుకుని చూసుకున్నాను. వాన నీటితో పెరటి బురద లోపలికి జారకుండా గట్టు నాలుగంగుళాలు ఎత్తు పెట్టాను. పక్కింటి బుడ్డోడు ఎప్పుడైనా పాక్కుంటూ వచ్చేస్తాడని పైన ఇనుప మెష్ వేశాను. రెండడుగుల నీళ్లే కదా అనుకోకండి, పసివాళ్లకి బకెట్ నీళ్లు కూడా ప్రమాదమే.

ఇంత జాగ్రత్తగా కట్టినవాణ్ణి నీళ్ల దగ్గర తొందరపడ్డాను. కుళాయి నీళ్లు నింపిన సాయంత్రమే ఆరు గోల్డ్‌ఫిష్ తెచ్చి వదిలాను. నాలుగో రోజుకి ఒక్కటీ లేదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది చేపల మొప్పల్ని కాల్చేస్తుంది. అది విరిగిపోయినా ఇంకో గండం ఉంది. చేపలు వదిలే అమోనియాని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త నీళ్లలో ఉండదు. అది స్థిరపడటానికి నెల, నెలన్నర పడుతుంది. చనిపోయిన చేపల్ని మామిడి చెట్టు కింద పాతిపెడుతుంటే తమ్ముడు ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. మా మావయ్యలు ఇప్పటికీ వదలట్లేదు.

తర్వాత కాలువలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క నాలుగు మొక్కలు తెచ్చి వేశాను. ఊదా పువ్వులు బాగుంటాయి కదా అని. నేను ఆఫీసు పనిలో పడి పట్టించుకోకపోయేసరికి సగం చెరువు కమ్మేసింది. అదంతా పీకి పారేశాక ఎండ నేరుగా పడి నీళ్లు పెసరపిండి రంగుకి తిరిగాయి. పార కథ అప్పటిది.

ఆ మధ్యాహ్నమే బండి తీశాను. కడియం నర్సరీల గురించి గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు, కానీ నేను అప్పటిదాకా అటు వెళ్లింది రాజమండ్రి బస్సు కిటికీలోంచి చూడటానికే. తణుకు నుంచి హైవే ఎక్కితే దారిలో గోదావరిని రెండుసార్లు దాటాలి. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, రావులపాలెం దాటాక జొన్నాడ దగ్గర గౌతమి. జూన్ మొదట్లో రెంటిలోనూ నీళ్ల కన్నా ఇసక తిన్నెలే ఎక్కువ. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తిన లారీ వెనక చాలాసేపు ఇరుక్కున్నాను. గౌతమి దాటి కాస్త ముందుకెళ్లాక కడియపులంక వస్తుంది. రోడ్డుకి రెండు పక్కలా మొక్కలే. గులాబీలు, క్రోటన్లు, కొబ్బరి మొలకలు, మనిషి ఎత్తు తాటి జాతి మొక్కలు తొట్లలో వరసగా నిలబడి లారీల కోసం ఎదురుచూస్తున్నట్టుంటాయి. ఆడవాళ్లు నీడలో కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతున్నారు. వాళ్ల చేతులు ఎంత వేగంగా కదులుతున్నాయంటే చూస్తూ నిలబడిపోయాను.

ఇక్కడే ఎందుకిన్ని నర్సరీలు? ఒండ్రు మట్టి, కాలువ నీళ్లు, పక్కనే హైవే. ధవళేశ్వరం ఇక్కడికి దగ్గరే. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక ఆ కాలువలే ఈ నేలకి నీళ్లు తెచ్చాయి. నేను వెళ్లేటప్పటికి వేసవి కాలువ కట్టివేత అయిపోయి కొత్తగా నీళ్లు వదిలారు. ఎర్రగా, వేగంగా పారుతున్నాయి.

హైవే మీద పెద్ద నర్సరీలు దాటి లోపలి రోడ్డులోకి వెళ్తే నీటి మొక్కలు పెంచే చిన్న నర్సరీ ఒకటి దొరికింది. సిమెంటు తొట్ల వరసలు, ఒక్కోదాంట్లో ఒక్కో రంగు కలువ. లుంగీ మోకాళ్ల పైకి కట్టుకున్న పెద్దాయన నా ఫోన్‌లో చెరువు ఫొటో చూసి నవ్వలేదు. అది నాకు నచ్చింది.

"ఆయ్, నీళ్లు మార్చేశారాండీ?" అనడిగాడు.

"రెండుసార్లు మార్చాను బాబాయ్."

"అదేనండీ మరి. మార్చినప్పుడల్లా మళ్లీ మొదటికే. దానికి తిండి ఎక్కువైంది, నీడ తక్కువైంది. పైన సగం ఆకు కప్పనివ్వండి, అదే తేరుకుంటుంది."

ఆయన చెప్పిందాంట్లో ఉన్న సైన్సు తర్వాత చదువుకున్నాను. నీళ్లలో పోషకాలూ ఎండా రెండూ దొరికితే నాచు పెరుగుతుంది. కలువ ఆకులు ఎండని ఆపుతాయి, వేర్లు పోషకాల్ని లాగేస్తాయి. కొత్త నీళ్లు పోస్తే కుదురుకుంటున్నదంతా చెదిరిపోతుంది. నేను నెల రోజులుగా చెరువుకి వైద్యం అనుకుంటూ చేసిందంతా అదే.

ఆయన నాకు నీలం కలువలు రెండు, గులాబీ రంగుది ఒకటి ఇచ్చాడు. వెడల్పాటి టబ్బులో బంకమట్టి నింపి నాటాలి, కొబ్బరి పొట్టు కలపకూడదు, అది తేలిపోతుంది. పచ్చి పేడ అసలే వద్దు. మట్టి పైన గులకరాళ్లు పరచాలి. టబ్బుని ఒకేసారి అడుక్కి దించకుండా ముందు ఇటుకల మీద పెట్టి, ఆకులు పైకి వచ్చేకొద్దీ ఒక్కో ఇటుక తీసేయాలి. "తామర దుంప కూడా ఇవ్వండి" అంటే, "మీ గుంట చిన్నదండీ, అది మొత్తం ఆక్రమిస్తుంది. ఇంకో ఏడు చూద్దాం" అన్నాడు. వచ్చిన బేరాన్ని వద్దనేవాడిని అక్కడే చూశాను.

చంద్రుడు రాగానే కలువ పూస్తుందని మనం సినిమా పాటల్లో వింటాం కదా. మన ఊరి చెరువుల్లోని తెల్ల కలువ, ఎర్ర కలువ నిజంగానే రాత్రి విచ్చుకుంటాయి. నర్సరీలో దొరికే ఈ నీలం రకాలు మాత్రం పొద్దెక్కాక విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటాయి. నాలాగే డే షిఫ్టు.

వచ్చేటప్పుడు పక్కన అక్వేరియం షాపులో ఇరవై గప్పీలు కూడా కొన్నాను. దోమ పిల్లల్ని ఇష్టంగా తినే చేపలు. ఈసారి మాత్రం మూడు వారాలు బావి నీళ్ల తొట్టెలో ఉంచి, చెరువులో నీళ్లు కాస్త తేరాకే వదిలాను.

జులై రెండో వారంలో వానలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త అక్క ఇంటింటికీ తిరుగుతూ మా పెరట్లోకి వచ్చింది. అమ్మ నేరుగా చెరువు దగ్గరికి తీసుకెళ్లి "ఇదిగో, ఇదే చూడమ్మా" అంది. అక్క మెష్ తీసి, టార్చి వేసి, మగ్గుతో నాలుగు మూలలా నీళ్లు ముంచి చూసింది. ఒక్క దోమ పిల్ల కూడా లేదు. నా గుండె తేలికైంది.

అప్పుడు ఆ అక్క వెనక్కి తిరిగి, "మరి ఈ డ్రమ్ములేంటి?" అంది.

చెరువులో తగ్గిన నీటిని పూరించడానికి కుళాయి నీళ్లు పట్టి రెండు రోజులు ఆరబెట్టేవాణ్ణి, క్లోరిన్ పోవడానికి. వానలు మొదలయ్యాక ఆ అవసరం తప్పింది. డ్రమ్ములు మాత్రం అలాగే, మూత లేకుండా పది రోజులు ఉండిపోయాయి. టార్చి వెలుగులో వందల పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. డెంగీ దోమ పెద్ద చెరువుల కన్నా ఇలాంటి డ్రమ్ములు, కూలర్లు, పాత టైర్లే కోరుకుంటుందట. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీళ్లు పారబోసినా గోడకి అంటుకున్న గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, రుద్ది కడగాల్సిందే.

అమ్మ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. చెరువుని తప్పుపట్టింది ఆవిడ, దోమల్ని పెంచింది నేను. తమ్ముడు పడుకునే గది కిటికీకి ఆ డ్రమ్ములు నాలుగడుగుల దూరం.

తర్వాత ఆవిడ చేసిన పని నేను అనుకోలేదు. డ్రమ్ములోంచి ఒక మగ్గు ముంచి తీసుకెళ్లి చెరువులో పోసింది. గప్పీలు ఎక్కణ్ణుంచి వచ్చాయో, చుట్టూ మూగిపోయాయి. నిమిషంలో ఏమీ మిగల్లేదు. ఇంకో మగ్గు పోసింది. మూడోది కూడా. అక్క పక్క వీధికి వెళ్లిపోయినా అమ్మ అక్కడే కూర్చుంది.

డ్రమ్ములు ఆ రోజే కొబ్బరి పీచుతో రుద్ది కడిగాను. ఇప్పుడు వాటి మూతికి అమ్మ పాత కాటన్ చీర ముక్కలు కట్టి ఉంటాయి. ప్రతి శుక్రవారం ఆవిడే ముడి విప్పి చూస్తుంది, నా మీద నమ్మకం ఇంకా కుదరలేదు. నా వంతు పని పొద్దున పావుగంట. పసుపెక్కిన కలువ ఆకులు నీళ్లలో కుళ్లకముందే తుంచడం, గాలికి పడ్డ మామిడి ఆకులు వలతో తీయడం, మట్టం చూడటం. మట్టం మరీ తగ్గినట్టు అనిపిస్తే పక్కన ఎండలో ఒక బకెట్ నిండా నీళ్లు పెట్టి రెండింటికీ గీత గీస్తాను. ఒక రోజు తర్వాత రెండూ దాదాపు సమానంగా తగ్గితే ఎండకి ఆవిరైనట్టు, చెరువే ఎక్కువ తగ్గితే కన్నం వెతుక్కోవాలి. ఆ బకెట్ సాయంత్రానికి గుర్తుపెట్టుకుని పారబోస్తాను లెండి.

ఆగస్టులో నీలం కలువ మొదటి పువ్వు వేసింది. అప్పటికి నీళ్లు అడుగున ఇటుకలు కనిపించేంతగా తేరాయి. నేను ఆఫీసు మీటింగులో ఉన్నాను. తమ్ముడు ఫొటో తీసి మళ్లీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. కింద అమ్మ వాయిస్ మెసేజ్ ఉంది: "కడియం మళ్లీ ఎప్పుడెళ్తావురా? తెల్లది కూడా ఒకటి ఉంటే బాగుంటుంది. రాత్రిపూట పూసేది."