ఎరుపు గడి

అక్క సంగతి మాట్లాడటానికి జగిత్యాలలో లాయర్ మేడం దగ్గరికి పోయే ముందు, రాత్రి రెండింటి దాకా కూర్చొని ఎక్సెల్ షీట్ చేశాను. దుబాయి నుంచి బావ పైసలు పంపిన నెలలు పచ్చ, పంపనివి ఎరుపు. కిందికి పోయినకొద్దీ అంతా ఎరుపే. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ఏ కష్టమొచ్చినా ముందు షీట్ తెరుస్తాం.

మేడం ఒకసారి చూసి పక్కన పెట్టారు. "మంచిగుంది తమ్మీ. నువ్వు జర బయట కూసో, అక్కతోని మాట్లాడుత."

నాకు కాలింది. సెలవు పెట్టి హైదరాబాద్ నుంచి వచ్చింది నేను! బయట బెంచీ మీద నలభై నిమిషాలు.

లోపలికి పిలిచాక తెలిసింది, అక్కకు విడాకులు వద్దట. "మట్టెలు తీసుడు నాతోని కాదు. బిడ్డ సదువుకు పైసలిస్తే సాలు." మూడేళ్లుగా బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్న మనిషిని, నీకేం కావాలని నేను ఒక్కసారీ అడగలేదు. విడాకుల సెక్షన్లు మాత్రం గూగుల్‌లో అన్నీ చదివాను.

మేడం అక్క మనసు మార్చాలని చూడలేదు. భరణానికి విడాకులతో పనే లేదన్నారు. పాత సీఆర్‌పీసీలో 125, 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144. అక్క ఉండే చోటే కేసు వేయొచ్చు. నోటీసు అందాక వీలైనంత వరకు 60 రోజుల్లో మధ్యంతర భరణం తేల్చాలి. ఆ నోటీసు దుబాయిలో అందడమే అసలు కథ. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుందని కూడా ఆవిడే చెప్పారు, తన ఫీజు పోతుందని తెలిసీ.

కులపెద్దలు రాసిన తెగదెంపుల కాగితం తీసి, "ఇది చెత్త మేడం, చెల్లదు" అన్నాను. అక్క తల దించుకుంది.

మేడం నన్ను చూడనే లేదు. "పంచాయితీల ఎవరెవరు కూసున్నరమ్మా? నువ్వు సంతకం పెట్టినవా?" పెట్టలేదంది అక్క. 1955 హిందూ వివాహ చట్టం 29(2) ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాదనదట, కాకపోతే అలాంటి ఆచారం ఉందని రుజువు చేయాలి. "చింపకుండ్రి. పెద్దమనుషులను తిట్టకు తమ్మీ. రేపు సాక్ష్యం చెప్పేది వాళ్లే, అక్క బతికేది ఆ ఊర్లనే."

కోరుట్ల బస్సులో అక్క షీట్ చూపించమంది. ఒక ఎరుపు గడి మీద వేలు పెట్టి, "ఈ నెల పంపిండు. నీకు చెప్పలే" అంది.

పచ్చ చేశాను.