పాలపిట్ట దర్శనం

శరదృతువు రాగానే మన కవులు వెన్నెలను, తేటపడిన నీటిని, రెల్లుపూలను వర్ణిస్తారు. తెలంగాణ పల్లెవాసికి మాత్రం శరత్తు అంటే తంగేడు పూత, బతుకమ్మ, జమ్మి ఆకు, వీటికి తోడుగా పాలపిట్ట. విజయదశమినాడు పాలపిట్టను చూడనిదే పండుగ పూర్తికాదని పెద్దల విశ్వాసం. అజ్ఞాతవాసం ముగించి జమ్మిచెట్టుపై నుండి ఆయుధాలను దించుకొన్న పాండవులకు ఈ పక్షి ఎదురై విజయాన్ని సూచించిందని జనశ్రుతి. అయితే ఈ మహానగరంలో, మేడల నడుమ, ఆ పక్షి ఎక్కడ కనిపిస్తుంది?

ఈ ప్రశ్నకు కొందరు ఒక సమాధానం కనిపెట్టారు. 2025 దసరానాడు మా వీధిలోకి ఒకతను పంజరం పట్టుకొని వచ్చాడు. లోపల రెక్కలు ముడుచుకొని, తల వాల్చిన పాలపిట్ట. చూచినందుకు పైకం ఇవ్వాలి. ఇరుగుపొరుగువారు పిల్లలను ఎత్తుకొని చూపించి, దండం పెట్టి, డబ్బులిచ్చారు. నల్లగొండ జిల్లా పల్లెలో డెబ్బది శరత్తులు గడిపి ఇప్పుడు నా వద్ద ఉంటున్న మా నాయనగారు వాకిటిదాకా వచ్చి, పంజరాన్ని చూచి, వెనుదిరిగారు. "కట్టేసిన పిట్టను చూస్తే జయమెట్లయితది బిడ్డా? ఓడిపోయింది అదే గద!" అన్నారు. ఆనాడు ఆయన సరిగా భోజనం చేయలేదు.

ఈ సంగతి విని మా కళాశాల ఉర్దూ శాఖలోని మిత్రులు, "ఆదివారం హరిణ వనస్థలికి పోదాం. నాయనగారిని తప్పక వెంటబెట్టుకొని రండి" అన్నారు.

విజయవాడ మార్గంలో, వనస్థలిపురం దాపున ఉన్న మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటభూమి. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ వార్షికోత్సవాన్ని పురస్కరించుకొని 1975లో ఆ పేరు పెట్టి దానిని కృష్ణజింకలకు ఆశ్రయంగా రూపొందించారు. దాని వైశాల్యం 14.59 చదరపు కిలోమీటర్లు. తుపాకులు మ్రోగిన చోట అహింసామూర్తి పేరు నిలిచింది.

వానలు వెనుకపట్టి గడ్డి ఇంకా పచ్చగానే ఉంది. మెలితిరిగిన కొమ్ములతో ఒక ఇర్రి తల ఎత్తి మమ్ము చూచింది. దాని వెనుక కొమ్ములు లేని లేళ్ళు నిశ్చింతగా మేస్తున్నాయి. వర్షర్తువులో ఆడిన పింఛాన్ని రాల్చుకొన్న మగ నెమలి ఒకటి, ఆడంబరం విడిచిన సంసారివలె, పొదల మధ్య గింజలు ఏరుకొంటున్నది. నాయనగారి చూపు మాత్రం ఎండుకొమ్మల మీదనే ఉంది.

చాలాసేపటికి ఆయన వేలు చూపారు. మోడైన కొమ్మ మీద మట్టిరంగు ఛాతీతో కదలక కూర్చున్న పక్షి. అది హఠాత్తుగా నేలకు దిగి, ఒక మిడతను ముక్కున కరచుకొని, కొమ్మకు కొట్టి మింగింది. మళ్ళీ ఎగిరినప్పుడు రెక్కలు విప్పింది. ముదురునీలం, లేతనీలం పట్టీలు ఎండలో తళుక్కుమన్నాయి. నాయనగారు చేతులు జోడించి, "పండుగ ఇయ్యాలైంది సాబ్" అన్నారు.

"మేము దీనిని నీల్‌కంఠ్ అంటాము" అన్నారు మిత్రులు.

"కంఠం నీలం లేదు గద సాబ్, రెక్కలే నీలం" అని నాయనగారు నవ్వారు. మూడు రోజుల తరువాత ఆయన నవ్వడం అదే మొదలు.

పాలపిట్టను 2014లో తెలంగాణ రాష్ట్రపక్షిగా ప్రకటించారు. ఉమ్మడి రాష్ట్రానికీ అదే రాష్ట్రపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, బంధించడం నేరం. అయినా పండుగ పేరిట ఏటేటా పంజరాలు వీధికెక్కుతున్నాయి. మనం ఇచ్చే పైకమే ఆ పంజరాన్ని అల్లుతున్నది. ఈ పక్షికి కావలసినవి స్వల్పం: పురుగులున్న కాస్త బయలు, కాపు వేయడానికి ఒక ఎండుకొమ్మ, గూటికి ఒక చెట్టుతొర్ర. పైరుకు చేటుచేసే పురుగులను తిని రైతుకు మేలు చేస్తుంది. బయళ్ళన్నీ ఇళ్ళస్థలాలైతే, ఎండిన చెట్లన్నిటినీ నరికివేస్తే, నగరంలో దానికి మిగిలేది పంజరమే.

విద్యార్థులారా! వచ్చే దసరాకు పంజరం మీ వాకిటికి వస్తే పైకం ఇవ్వకండి, అటవీశాఖవారికి తెలియజేయండి. ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని, గడ్డి మిగిలిన చోటికి వెళ్ళండి. పాలపిట్ట తనంతట తాను కనిపించేదాకా వేచి ఉండండి.