గేర్ల సైకిలా, గేర్లు లేనిదా? మన కొండలకి ఏది?



దసరా సెలవుల్లో మేం నలుగురం సైకిళ్ళ మీద అయిదు రోజులు తిరిగొచ్చాం. ఆ ఫొటోలు చూసినప్పటినుంచి జూనియర్లు ఒకటే అడుగుతున్నారు, "అన్నా, గేర్ల సైకిల్ కొనాలా, మామూలుదా?" అని. ఫోన్లో రెండు ముక్కల్లో చెబుదామంటే కుదరట్లేదు. ఎందుకంటే ఈ ప్రశ్న మా ఇంట్లో కూడా నెలరోజులు నడిచింది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఓపిగ్గా చదవండి, డబ్బులు పెట్టేముందు పనికొస్తుంది.

మేం చేసినదాన్ని బయటి దేశాలవాళ్ళు బైక్‌ప్యాకింగ్ అంటారు. వెనకాల ఒకటే పెద్ద మూట కట్టకుండా, సామాన్లు చిన్న చిన్న సంచుల్లో సర్ది, హ్యాండిల్‌కి ఒకటి, ఫ్రేము మధ్యలో ఒకటి, సీటు కింద ఒకటి బిగించుకుని, మట్టిరోడ్లలో, అడవిదారుల్లో రోజులకొద్దీ వెళ్తారు. పేరు కొత్తదిగానీ పని మనకేం కొత్త కాదు. పసుపు మూటని పాత ట్యూబుతో క్యారేజీకి కట్టి సంతకి తోసుకెళ్ళిన నాన్నలు మనందరికీ ఉన్నారు. మేం కూడా సంచులేం కొనలేదు. బియ్యం సంచులు కుట్టించాం, పాత ట్యూబులతో కట్టాం. దుప్పటి, రెయిన్‌షీటు, ఒక గిన్నె, బియ్యం, చోడిపిండి, పంపు, ప్యాచీలు కలిపి మనిషికి పది పన్నెండు కిలోలు వచ్చింది.

ఆ దేశాల్లో కొంతమంది కావాలనే గేర్లు లేని సైకిలు ఎంచుకుంటారు. దాన్ని సింగిల్ స్పీడ్ అంటారు. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దుదాకా 4 వేల కిలోమీటర్లకి పైగా ఉండే గ్రేట్ డివైడ్ దారిని కూడా ఒకే గేరుతో పూర్తిచేసినవాళ్ళున్నారు. వాళ్ళకది సరదా, పట్టుదల. మన దగ్గర అది డబ్బుల లెక్క. అందుకే వాళ్ళ వీడియోలు చూసి నిర్ణయం తీసుకోకూడదని నా అభిప్రాయం.

ముందు లెక్క చూద్దాం. పదో తరగతి లెక్కే, భయపడకండి.

నేను తొక్కిన గేర్లు లేని సైకిలుకి ముందు చక్రానికి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్ళు. టైరు 26 అంగుళాలది. పెడల్ ఒక్కసారి పూర్తిగా తిరిగితే సైకిలు సుమారు 5 మీటర్లు ముందుకెళ్తుంది. మా బావ తెచ్చింది 21 గేర్లది. దాంట్లో అన్నిటికన్నా తేలిక గేరు ముందు 24, వెనక 28. ఒక్క తిప్పుకి 1.8 మీటర్లే కదులుతుంది. అన్నిటికన్నా బరువు గేరు ముందు 42, వెనక 14. ఒక్క తిప్పుకి 6 మీటర్లు దాటుతుంది.

అంటే 100 మీటర్ల ఎక్కుడుకి నేను 20 సార్లు తిప్పాలి, బావ దాదాపు 56 సార్లు తిప్పాలి. కానీ ఒక్కో తిప్పుకి అతని కాలి మీద పడే బరువు నాకు పడేదాంట్లో సుమారు మూడోవంతే. ఇక్కడ చాలామంది పొరపడతారు. గేరు వేస్తే పని తగ్గిపోతుందనుకుంటారు. కొండ ఎత్తు మారదు, మూట బరువు మారదు, మొత్తం పని మారదు. గేరు ఆ పనిని చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. ఒకే కావిడిలో 40 కిలోలు మోయడానికీ, పదేసి కిలోలు నాలుగుసార్లు తేవడానికీ ఉన్న తేడా లాంటిదే అది. రెండోదాంట్లో నడక ఎక్కువ, కానీ భుజం మిగులుతుంది.

ఇంక దారి సంగతి. పాడేరులో బయల్దేరి హుకుంపేట, డుంబ్రిగూడ మీదుగా అరకు వెళ్ళాం. అక్కడనుంచి అనంతగిరి మండలం లోపలి ఊళ్ళల్లో స్నేహితుల ఇళ్ళకి. పాడేరు, అరకు రెండూ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాయి కాబట్టి ఆ రోడ్డు చదునుగా ఉంటుందనుకుంటే తప్పే. దిగుతుంది, ఎక్కుతుంది, మళ్ళీ దిగుతుంది. బస్సులో కూర్చుంటే ఆ ఎత్తుపల్లాలు తెలీవు. సైకిలెక్కితే ప్రతి గెడ్డ దగ్గర దిగుడు, గెడ్డ దాటగానే ఎక్కుడు.

నాలుగు సైకిళ్ళలో రెండు గేర్లవి, రెండు లేనివి. నాలుగూ అడిగి తెచ్చుకున్నవే. చదును రోడ్డు మీద ఏ తేడా లేదు. నలుగురం మాట్లాడుకుంటూ వెళ్ళాం. ఎక్కుడు మొదలవగానే మేం ఇద్దరం దిగి తోసుకుంటూ నడిచేవాళ్ళం. గేర్లవాళ్ళు సీటు మీదే కూర్చుని మెల్లగా తొక్కేవాళ్ళు. అయితే వాళ్ళ వేగం మా నడక కన్నా కొంచెమే ఎక్కువ. పైకెళ్ళి అయిదు పది నిమిషాలు మాకోసం ఆగేవాళ్ళు, అంతే. అసలు తేడా సాయంత్రం తెలిసింది. మొదటిరోజు రాత్రి నాకు మోకాళ్ళు పట్టేశాయి. చిన్న ఎక్కుళ్ళలో దిగకుండా లేచి నిలబడి తొక్కిన ఫలితం అది. బావ మాత్రం అన్నం తిని ఊరు చూడ్డానికి వెళ్ళాడు. రోజూ 40, 50 కిలోమీటర్లు చొప్పున వారం పదిరోజులు వెళ్ళాలంటే గేర్లే మంచిదని ఆ రాత్రే ఒప్పుకున్నా.

మూడోరోజు కథ మారింది. ముందురోజు వాన పడింది. లోపలి ఊరికి వెళ్ళే మట్టిరోడ్డు ఎర్రబురద. టైరుకి పట్టిన బురద వెనక డీరైలర్‌లో, అంటే చైన్ని ఒక పళ్ళచక్రం మీదనుంచి ఇంకోదాని మీదకి జరిపే భాగంలో ఇరుక్కుంది. దానికి తోడు ఒక పుల్ల దూరింది. టక్ మని శబ్దం. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క వంగిపోయి, మొత్తం వచ్చి చక్రం పుల్లల్లో పడింది. మా అదృష్టం, చైను లింకులు తీసే పనిముట్టు బావ సంచిలో ఉంది. డీరైలర్ ఊడదీసి, చైను కురచ చేసి, వెనక మధ్యలో ఉన్న పళ్ళచక్రం మీద వేశాం. 21 గేర్ల సైకిలు గంటలో ఒకే గేరు సైకిలయింది. కానీ దానికి వెనక చక్రం ముందుకీ వెనక్కీ జరిపే గాడి ఉండదు, కిందికి తెరిచిన గాడే ఉంటుంది. కాబట్టి చైను సరిగ్గా బిగువు చెయ్యలేం. దారి పొడుగునా చైను జారుతూనే ఉంది. గేర్లు లేని మామూలు సైకిలుకయితే ఆ గాడి పొడుగ్గా ఉంటుంది. చైను వదులయితే రెండు నట్లు వదులు చేసి చక్రం వెనక్కి లాగి బిగిస్తే చాలు. ఒక్క పానా ఉంటే రోడ్డు పక్కనే అయిపోతుంది.

టౌనుకొచ్చాక షాపులో అడిగితే, ఆ వంగిన ముక్క ఆ మోడల్‌కే ప్రత్యేకం, విశాఖ నుంచి తెప్పించాలి, పదిరోజులు పడుతుందన్నారు.

ఈ వాదన మనతో మొదలైంది కాదు. టూర్ డి ఫ్రాన్స్ పందెం 1903లో మొదలయితే, అందులో పేరున్న ఆటగాళ్ళు డీరైలర్ గేర్లు వాడటానికి 1937లోగానీ అనుమతి రాలేదు. అప్పటిదాకా వాళ్ళు వెనక చక్రానికి రెండువైపులా రెండు సైజుల పళ్ళచక్రాలు పెట్టుకునేవాళ్ళు. కొండ కింద దిగి, చక్రం ఊడదీసి, తిప్పి పెట్టుకుని ఎక్కేవాళ్ళు. అంటే ప్రపంచంలో పెద్ద ఆటగాళ్ళు కూడా ఎక్కుడు దగ్గర సైకిలు దిగినవాళ్ళే.

ఇంకోటి కూడా తెలుసుకోండి. 1954లో వియత్నాంలో డియన్ బియన్ ఫూ దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించినప్పుడు, కొండదారుల్లో బియ్యం, మందుగుండు చేరవేసినవాటిలో వేల సైకిళ్ళున్నాయి. హ్యాండిల్‌కి ఒక వెదురుకర్ర, సీటు దగ్గర ఇంకో కర్ర కట్టి, ఒక్కో సైకిలు మీద 200 కిలోలదాకా వేసి తోసుకెళ్ళారు. తొక్కలేదు, తోశారు. సైకిలు దిగి తోస్తే అది ఓటమి అని మన కుర్రాళ్ళు అనుకుంటారు. బరువు మోసే సైకిలుకి తోయడం కూడా ఒక గేరే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నా దగ్గర 8,500 రూపాయలున్నాయి. స్కాలర్‌షిప్పులో మిగిలింది కొంత, సెలవుల్లో పనిచేసింది కొంత. షాపులో గేర్లు లేని సైకిలు 6,800, 21 గేర్లది 11,500 చెప్పారు. కావాలంటే మిగతా మూడువేలు షావుకారు దగ్గర తెస్తానని, పసుపు అమ్మాక తీర్చేద్దామని నాన్న అన్నాడు. పసుపు మీద అప్పు అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పిచ్చినవాడు చెప్పిందే ధర.

పైగా ఆ సైకిలు నేను తిరిగేది ఏడాదికి పదిరోజులు. మిగతా రోజులన్నీ అది మా చెల్లిది. ఎనిమిదో తరగతి చదువుతోంది. హాస్టల్లో ఒంట్లో బాగుండట్లేదని ఈ ఏడాది ఇంటికి తీసుకొచ్చేశాం. హైస్కూలు ఆరు కిలోమీటర్లు. జీపులు సంతరోజు తప్ప నమ్మకం లేదు. రోజూ గంటన్నర నడిచి వెళ్ళి, గంటన్నర నడిచి వస్తోంది. వానాకాలంలో వారానికి రెండు మూడు రోజులు మానేసింది. పదో తరగతి అయ్యేదాకా ఇంకా మూడేళ్ళు ఇలాగే అంటే, మధ్యలో ఎక్కడో ఆగిపోతుందని అమ్మ భయం. మా ఊళ్ళో అలా ఆగిపోయిన ఆడపిల్లలున్నారు కాబట్టి అది ఉత్త భయం కాదు.

అందుకే రెండు సైకిళ్ళూ చెల్లికే ఇచ్చి రెండేసి రోజులు స్కూలుకి పంపాం. బావ సైకిలు అప్పటికి బాగయింది. ఆమెకి గేర్లదే నచ్చుతుందని నేననుకున్నా. నచ్చింది కూడా. స్కూలు ముందు ఎక్కుడులో దిగకుండా వెళ్ళానని సంబరంగా చెప్పింది. కానీ రాత్రి భోజనాల దగ్గర తనే అంది, "అన్నయ్యా, మామూలు సైకిలయితే ఎక్కుడులో దిగి నడవాలి, పది నిమిషాలు లేటు. గేర్లది పాడయితే మళ్ళీ పదిరోజులు మొత్తం నడకే కదా. అది మన ఊళ్ళో ఎవరు బాగుచేస్తారు?"

మా పక్కూళ్ళో సైకిలు రిపేరు చేసే మావయ్య ఉన్నాడు. పంక్చరు, ఫ్రీవీల్, బేరింగులు, పుల్లల బిగింపు అన్నీ చేస్తాడు. గేర్ల సామాను ఆయన దగ్గర ఉండదు. చెల్లి ప్రశ్నకి నా దగ్గర ఉన్న జవాబు అదే. గేర్లు లేనిదే కొన్నాం. అప్పు చెయ్యలేదు.

కొన్నాక ఒక మార్పు చేయించాం. ఇది అందరూ చేయించుకోవచ్చు. వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ తీసి 22 పళ్ళది వేయించాం. చైనుకి లింకు కలిపారు. రెండొందలలోపే అయింది. ఇప్పుడు ఒక్క తిప్పుకి 5 మీటర్లు కాదు, 4 మీటర్ల పైచిలుకు వెళ్తుంది. ఒక్కో తిప్పుకి పడే కష్టం దాదాపు అయిదోవంతు తగ్గింది. చదునులో వేగం కొంచెం పోయింది, చెల్లికి దాంతో పనిలేదు. మిగిలిన డబ్బుతో మంచి బ్రేకు షూలు, గట్టి వెనక టైరు, లైటు, పంపు కొన్నాం. ఘాట్ దిగేటప్పుడు ఎన్ని గేర్లున్నా కాపాడేవి బ్రేకులే. వానలో, బురదలో షూలు తొందరగా అరిగిపోతాయి. ఒక జత ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి.

కాబట్టి అడిగిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నా మాట ఇది. మీరు పట్నంలో ఉండి, రిపేరు షాపు దగ్గరుండి, సెలవుల్లో బరువుతో ఘాట్లు ఎక్కాలనుకుంటే గేర్లది తీసుకోండి. మోకాళ్ళు మిగుల్తాయి. 21 అనే అంకె చూసి మోసపోకండి, వాటిలో చాలావరకు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. ముందు చిన్న చక్రానికి ఎన్ని పళ్ళు, వెనక పెద్దదానికి ఎన్ని పళ్ళు అని లెక్కపెట్టండి. వెనకవి ఎక్కువుంటే కొండకి పనికొస్తుంది. చైను లింకులు తీసే పనిముట్టు లేకుండా మాత్రం లోపలి ఊళ్ళకి వెళ్ళకండి. అదే సైకిలు తర్వాత ఇంట్లో ఉండి స్కూలుకి, సంతకి, రేషనుకి తిరగాలంటే, మీ ఊరికి దగ్గర్లో ఉన్న రిపేరు మనిషి ఏది బాగుచెయ్యగలడో ముందు ఆయన్నే అడగండి. షాపువాణ్ణి తర్వాత అడగొచ్చు.

చెల్లి ఈ నెలలో ఒక్కరోజు కూడా స్కూలు మానలేదు. సంక్రాంతి సెలవుల్లో లంబసింగి వైపు వెళ్దామని మావాళ్ళు అంటున్నారు. సైకిలు అడిగితే, నాలుగు రోజులకే ఇస్తానంది, బ్రేకు షూలు కొత్తవి వేయించి తిరిగివ్వాలంట.