కమర్ మీద పడే భారం

గోల్ఫ్ అంటే మన ఇళ్లల్లో ఇప్పటికీ పెద్దోళ్ల ఆటే. కారు దిగి, పచ్చగడ్డి మీద నాలుగడుగులు వేసి, బంతిని కొట్టి మళ్లీ కారెక్కడం. అందులో దెబ్బలేం తగులుతాయి అనుకుంటాం.

మా ఖాలా కొడుకు సిటీలో క్యాడీ. సాహెబుల బ్యాగు మోస్తూ మోస్తూ ఆట కూడా నేర్చుకున్నాడు. మొన్న రంజాన్ ఈద్‌కి ఇస్మాయిల్‌ఖాన్‌పేట వచ్చి కుర్చీలో కూర్చుని నమాజ్ చదివాడు. ముప్పై ఏళ్లు నిండలేదు. ఖాలా నజర్ తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నజర్ సంగతి అల్లాకెరుక, నాకైతే వాడి కమర్ చేస్తున్న పని మీదే షక్.

గోల్ఫ్ ఆడేవాళ్లకు ఎక్కువగా నొప్పి వచ్చేది నడుముకే. మోచేయి, మణికట్టు, భుజం తర్వాత. నడుము పూసలు ముందుకూ వెనక్కూ వంగుతాయి గానీ పక్కకు తిరగడం వాటికి కొంచెమే వచ్చు. తిరగాల్సింది తుంటి, వీపు పైభాగం. అవి బిగుసుకుపోతే కొట్టిన ప్రతి దెబ్బకూ ఆ తిప్పుడంతా కమర్ మీద పడుతుంది. టైగర్ వుడ్స్‌కి 2014 నుంచి 2017 లోపల నడుముకి నాలుగు ఆపరేషన్లయ్యాయి. చివరిదాంట్లో పూసలనే కలిపేశారు. ఆ నడుముతోనే 2019లో మాస్టర్స్ గెలిచాడు, మాషాఅల్లా. కానీ ఆయన వెనక ఎంతమంది డాక్టర్లు! మావాడి దగ్గర ఉన్నది జండూ బామ్. డ్యూటీకి పోని రోజు పైసల్లేవు.

మన తాలీమ్‌ఖానాల్లో ముగ్దర్ తిప్పేవాళ్లను చూసినవాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. పాదాలు నేలకు పాతినట్టు పెట్టి, భుజాల చుట్టూ తిప్పుతారు, నడుము మెలిపడనివ్వరు. బైఠక్‌లు వేసి కాళ్లు గట్టిపడ్డాకే ముగ్దర్ చేతికిచ్చేవాళ్లు. తెల్లోళ్లు ఆ కసరత్ మన దేశంలో చూసి తమ ఫౌజుల్లో పెట్టుకున్నారు. 1904, 1932 ఒలింపిక్స్‌లో దానికి పోటీలు కూడా పెట్టారు. మనం మాత్రం తాలీమ్‌లకు తాళాలేసి జిమ్ముల్లో డోలె పెంచుతున్నాం. డోలెతో బంతి దూరం పోదు, నడుమూ మిగలదు.

తమ్ముడికి నేను రుకూతో మొదలుపెట్టాను. నమాజ్ ఇబాదత్, కసరత్ కాదు. అది అలాగే ఉండనీ. కానీ రుకూలో వీపు చదునుగా ఉంచి తుంటి దగ్గర వంగుతాం కదా. బ్యాగెత్తేటప్పుడూ, బంతి ముందు నిలబడేటప్పుడూ ఆ వంపే కావాలి. మోకాళ్లు కొంచెం సడలించాలి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. ఇంకా వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం. బ్యాగు ఒక భుజానికే వేలాడదీయకుండా రెండు పట్టీలూ వేసుకోవడం. ఆడే ముందు పది నిమిషాల నడక, తర్వాత మెల్లగా సగం ఊపులు. సగం నొప్పులు పొద్దున దిగంగానే మొదటి బంతినే జోరుగా కొట్టేవాళ్లవే అని నా అందాజ్. పటాన్‌చెరు ఫ్యాక్టరీల్లో డ్రమ్ములెత్తే మా ఊరి పిల్లలకూ నేను చెప్పేది ఇదే. వాళ్లూ బరువు పట్టుకుని నడుము తిప్పుతారు, పాదాలు కదపరు.

ఒక్క సంగతి అమ్మీలకు, ఖాలాలకు. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య మొద్దుబారినా, పేషాబ్ ఆగకపోయినా, అసలు రాకపోయినా అదే రోజు పెద్ద దవాఖానాకు తీస్కపోండి. పహిల్వాన్ దగ్గర చెయ్యికి పట్టీ కట్టించుకుని బాగైన దాదాలు ప్రతి ఇంట్లో ఉన్నారు, కాదనను. నరం నలిగిన వీపు మీద మోకాలు పెట్టించుకోవడం మాత్రం వేరే లెక్క.