ఉదయగిరి చెక్క ఫోర్కు చెప్పిన అమెరికా ఆట

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఎక్కేటప్పటికి నాకు తెలిసిన ఫుట్‌బాల్ ఒక్కటే. కాలితో తన్నేది! దిగేటప్పటికి ఇంకోటి తెలిసింది. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది. దాన్నీ ఫుట్‌బాలే అంటారు అమెరికావాళ్లు!

నా పక్క సీట్లో ఓ పెద్దాయన, ఆయన కొడుకు. కొడుక్కి డల్లాస్‌లో ఉద్యోగం. నాలుగేళ్లకి సెలవు మీద వచ్చాడు. తండ్రి వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల తిరునాళ్లలో చెడుగుడు ఆడిన మనిషి. ఇక్కడి ఎండలు, అక్కడి చలి అయిపోయాక ఇద్దరికీ మాటలు దొరకడం లేదు. నేనే కల్పించుకుని, "అక్కడ జనం ఏం ఆట చూస్తారు?" అన్నాను. కుర్రాడి మొహం వెలిగింది.

ఉదయగిరిలో దిగగానే ఎదురుగా కొండ, కొండమీద దుర్గం. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడి వేసి, ఏడాదిన్నర కాచుకుని, 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కోట అది. కింద ఊళ్లో చెక్క చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చేస్తారు. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కుర్రాడు ఓ ఫోర్కు కొని టీకొట్టు బల్ల చివర నిలబెట్టాడు.

"నాయనా, ఇది గోలుపోస్టు. నడిమి పళ్లు తీసేస్తే అచ్చం ఇంతే. ఈ బల్ల నూరు గజాల మైదానం. పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు. పోతే మళ్లీ నాలుగు. అట్లా పోయి పోయి చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. ఆరు పాయింట్లు!"

"బంతి నేలకి తాకాల్నా?"

"పేరే అట్లా. గీత దాటితే చాలు. ఆ తర్వాత ఇంకో అవకాశం ఇస్తారు. పోస్టు మధ్యగా తంతే ఒకటి, మళ్లీ గీత దాటిస్తే రెండు. గీతదాకా పోలేమనుకుంటే దూరం నుంచే పోస్టు మధ్యగా తన్నొచ్చు. దానికి మూడు."

పెద్దాయన కొండవైపు చూశాడు. "అంటే, కోట లోపలికి జొరబడితే ఆరు. బయట్నుంచి గుండు గోడ దాటిస్తే మూడు!"

చూశారా, రాయలవారు ఎట్లా ఆదుకున్నారో! లెక్కలో మజా కూడా అక్కడే. నాలుగుసార్లు దూరం నుంచి తన్నినా పన్నెండే. రెండు టచ్‌డౌన్లు, రెండు తన్నులు కలిస్తే పద్నాలుగు! ఎనిమిది వెనకబడ్డ జట్టు కూడా ఆఖరి నిమిషంలో ఆరూ రెండూ కొట్టి సమం చెయ్యొచ్చు. మన సినిమా క్లైమాక్సు దీని ముందు ఏపాటి!

"బంతి పట్టుకున్నవాడు సొంత గీత వెనక చిక్కాడనుకో, ఎదుటివాళ్లకి రెండు. దాన్ని సేఫ్టీ అంటారు."

"ఇదేందిరా! మనం ఎదుటివాడి గడిలో చిక్కితే నష్టం. వాళ్లకి సొంతింట్లో చిక్కితే నష్టమా?"

'ఒక్కడు' (2003), 'భీమిలి కబడ్డీ జట్టు' (2010), 'సీటీమార్' (2021) చూసిన మీకు కబడ్డీ నేను చెప్పనక్కర్లేదు. కూతకి వెళ్లి ఒకణ్ణి తాకొస్తే ఒక పాయింటు. జట్టు మొత్తాన్ని అవుట్ చేస్తే ఇంకో రెండు. అసలు సంగతి వేరే ఉంది. పాయింటు తెస్తే బయట కూచున్న మనవాడొకడు మళ్లీ బరిలోకి వస్తాడు.

పెద్దాయన అడిగిందీ అదే. "ఆ ఆటలో పోయినవాడు తిరిగొచ్చే లెక్క లేదంట్రా?"

"లేదు నాయనా."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. టీ చల్లారింది. తిరుగు బస్సులో ఫోర్కు పెద్దాయన జేబులో ఉంది.

"పెద్ద ఆట ఎప్పుడ్రా?"

"సూపర్‌బౌల్ ఫిబ్రవరిలో. అక్కడ ఆదివారం సాయంత్రం. మనకి సోమవారం తెల్లారి అయిదు."

"నేను లేస్తాలే. నువ్వు ఫోన్ చెయ్యి. ఇద్దరం చూద్దాం."

ఆత్మకూరు వచ్చేదాకా తండ్రీకొడుకుల మాటలు ఆగలేదు!