శబ్దము లేని యాట

మధ్యాహ్న భోజనములైన పిమ్మట ఇల్లాలు నడుము వాల్చు ఒక గంటసేపు ఇంట నెవ్వరును చప్పుడు చేయరాదన్నది మేము పుట్టింటినుండి తెచ్చుకొన్న కట్టుబాటు. ఆ గంటలో పిల్ల లేమి చేయుదురో ఏ తల్లియు పూర్తిగా నెఱుగదు. మేమును ఎఱుగకపోతిమి. ఎఱిగినది ఇరువదియెనిమిది సంవత్సరముల తరువాత. ఆ సంగతి చెప్పుటకు ముందు దానికి కారణమైన వస్తువును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ఏలయన, మా యీడు సోదరీమణులలో ననేకులు ఆ వస్తువును ఇంట నుంచుకొని, దుమ్ము తుడిచి, దినమున కొకసారి తిట్టిరేగాని, అది యేమో కనుగొనలేదు.

1996వ సంవత్సరపు వేసవిలో మా చిన్నవాడు అయిదవ తరగతి ముగించి, బహుమానముగా వీడియో ఆటల పెట్టె కావలెనని పట్టుపట్టెను. గుంటూరు బజారులో నొక దుకాణమున బేరమాడి కొంటిమి. టీవీకి తగిలించు తేలికపాటి పెట్టె, దానికి తీగలతో రెండు చేతిమీటలు, పైన గ్రుచ్చుటకు కాసెట్టు. అది జపానువారి యంత్రమునకు నకలని మా కప్పుడు తెలియదు. అసలైనది క్యోటో నగరమందలి నింటెండోవారు 1983 జులై 15వ తేదీన విడుదల చేసిన ఫ్యామికామ్ అనునది. ఆ కంపెనీ 1889లో పువ్వుల బొమ్మలుగల పేకముక్కలు తయారుచేయు దుకాణముగా పుట్టినది. పేకాట పేరెత్తిన మండిపడు మేము, పేకముక్కలవారి మనుమనిని తెచ్చి ముందుగదిలో పీట వేసి కూర్చుండబెట్టితిమన్నమాట!

ఈ యాటలను యాక్షన్ ఆట లందురు. పరుగెత్తుట, దుముకుట, కొట్టుట, దెబ్బ తప్పించుకొనుట, ఇవియే వానిలోని పనులు. కన్ను చూచినదానికి వ్రేలు తక్షణమే బదులు చెప్పవలెను. 1985లో మియమోతో షిగెరు బృందమువారు చేసిన సూపర్ మారియో బ్రదర్స్ వీనిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. ఆ యాట యంతయు నలువది కిలోబైట్లలో నిమిడియున్నది. నేడు మనము చేతిఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రము దానికి అనేక రెట్లు పెద్దది. ఇంత యిరుకులో అంత ప్రపంచమెట్లు పట్టినదని మా కుమార్తె నడుగగా ఆమె యొక చిత్రము చూపినది. ఆ యాటలో ఆకాశమందలి మేఘమును, నేలమీది పొదయు ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేఱు. మారియోకు టోపీ పెట్టినదియు అలంకారమునకు కాదట. కొలదిపాటి చుక్కలతో తలవెండ్రుకలు దిద్దుట కష్టమగుటచేత. అమ్మ చీర చింపి పరికిణీ, పరికిణీ చిరిగిన పిదప చంటివాని పొత్తిగుడ్డలు చేసిన మన కిది క్రొత్త విద్య కాదు గదా.

ఇక మా యింటి సంగతి. పెట్టెకు మీటలు రెండుండెను. ఒకటి మావానికి, రెండవది పొరుగింటి పిల్లవానికి. మా పెద్దపిల్లకు అప్పటికి పదుమూడేండ్లు. "నేనూ ఒక్కసారి ఆడతానే అమ్మా" అని అడిగినప్పుడు మేమన్న మాట మాకు బాగుగా జ్ఞాపకమున్నది. "ఆ కాల్పులూ కొట్లాటలూ ఆడపిల్లకెందుకే? తమ్ముడు ఆడుతుంటే చూడు, చాలు." ఆమె చూచెను. పకోడీలు తెచ్చి యిచ్చి, గోడ కానుకొని నిలిచి చూచెను. ఎదురు చెప్పలేదు కావున మా మాట విన్నదనుకొంటిమి.

మావాడు కొనిపించిన కాసెట్లలో నొకటి వానికి కొఱుకుడు పడక విసరి పారవేసినాడు. అది కొనామి కంపెనీవారి క్యాసిల్‌వేనియా. జపానులో 1986లో అకుమజో డ్రాక్యులా అను పేరున వెలువడినది. సైమన్ బెల్మాంట్ అనువాడు కొరడా చేతబట్టి రాక్షసుని కోటలో ప్రవేశించి, పదునెనిమిది భాగములు దాటి, తుదకు డ్రాక్యులాతో పోరవలెను. వానికి మారియోవలె గాలిలో దారి మార్చుకొను నేర్పు లేదు; ఎట్లు దుమికిన అట్లే పడును. దెబ్బ తగిలిన వెనుకకు తూలును. వెనుక గొయ్యి యున్నచో అంతటితో సరి. ఒకచోట పాములవలె మెలికలు తిరుగుచు గాలిలో తేలి వచ్చు తలకాయ లుండును. తొందరపడువాని నవి పడద్రోయును. నిలిచి, వాని రాకపోకల లయ కనిపెట్టి, రెండింటి నడుమ అడుగు వేయువానిని విడిచిపెట్టును. ఈ యాటలో శత్రువులు వచ్చు చోట్లు చాలవఱకు మాఱవు. నిన్న ఓడినచోట నేడు ఏమి వచ్చునో ఆడువారికి తెలియును. కాబట్టి యిది బలముతో గెలుచునది కాదు, జ్ఞాపకముతోను ఓర్పుతోను గెలుచునది. మగపిల్లల యాట అని మేము నిర్ణయించిన దానిలోని గుణము లివి!

ఆ కాసెట్టును మా పిల్ల చేజిక్కించుకొనెను. మేము నిద్రించు గంటలో, తమ్ముడు వీధిలోని కేగగా, టీవీ ధ్వనిని పూర్తిగా తగ్గించి ఆడెడిది. ఆటను దాచియుంచు వసతి ఆ కాసెట్టులో లేదు. గుంటూరి వేసవిలో కరెంటు పోవుట సామాన్యము. పోయినప్పుడెల్ల కోటగుమ్మము మొదలు మరల నడవవలసినదే. ఆమె లెక్కల పుస్తకము వెనుక పుటలలో చుక్కలు, మెట్లు, గీతలు వేసియుండగా మేము చూచి, పిల్ల ముగ్గులు దిద్దుకొనుచున్నదని మురిసితిమి. అవి కోటలోని దారులని యిటీవలనే తెలిసినది.

ఒకనాడు మాకు నిద్ర పట్టక లేచి వచ్చితిమి. మూగటీవీ యెదుట ఆమె ముందునకు వంగి కూర్చుండియుండెను. తెరమీద ఏదియో నల్లని యంగీ వేసికొన్న ఆకారము మాయమగుచు, తేలుచు, నిప్పులు విసరుచుండెను. మేము అడిగినదేమియు లేదు. గోడమీది స్విచ్చి నొక్కితిమి. పెట్టె నెత్తి బీరువాలో పెట్టి తాళము వేసి, "ఇంత మాయదారితనమా నీకు?" అని నాలుగు మాట లంటిమి. ఆమె యేడ్వలేదు. మావాడు మాత్రము మరుసటిదినమే మారాముచేసి పెట్టెను తిరిగి సంపాదించుకొనెను. ఆమె మరల దానిని ముట్టలేదు.

గడచిన 2024 వేసవిలో ఆమె హైదరాబాదునుండి తన కూతురితో వచ్చినది. మనుమరాలికి పదునొకండేండ్లు. వారి వెంట స్విచ్ అను నింటెండోవారి యంత్రము వచ్చినది. 2017లో వెలువడిన ఆ యంత్రము చేతిలో నుంచుకొనియు, టీవీకి తగిలించియు ఆడదగినది. పాత ఆటలనేకము లిప్పుడు సంపుటములుగా దొరకుచున్నవి. క్యాసిల్‌వేనియా సంపుటము 2019లో వచ్చినది. మనుమరాలు దానిని తెరచి మొదటి గుమ్మము దాటగానే పాట మ్రోగినది. మా కుమార్తె వంటింటిలో బీరకాయ చెక్కు తీయుచు నిలిచిపోయెను. కత్తిపీట వదలి వచ్చి తలుపువద్ద కూర్చుండెను.

"అమ్మా, ఈ ఆట ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. దీనికి పాట ఉందని నాకు తెలియనే తెలియదు."

మే మేమియు అనలేకపోతిమి. కొంతసేపటికి ఆమెయే మరల, "ఆ రోజు నువ్వు స్విచ్చి ఆపావే, అది ఆఖరి గదే," అన్నది. కోపము లేదు. బీరకాయ లేతగా నున్నదని చెప్పినట్లు చెప్పినది.

ఆ పాటను గూర్చి చెప్పవలెను. దాని పేరు వేంపైర్ కిల్లర్. మొదట విన్నప్పుడు మాకు తుమ్మెదల రొదవలె తోచినది. మూడవసారికి వ్రేలు తాళము వేయసాగినది. ఆ ఫ్యామికామ్ యంత్రమునకున్నవి అయిదే గొంతులు: రాగ మాలపించుటకు రెండు, మంద్రమున కొకటి, తాళమునకు బుసవంటి చప్పుడు చేయునది యొకటి, ముందుగా పట్టియుంచిన ధ్వని తునకలకై యింకొకటి. ఆటలోని దెబ్బల చప్పుళ్లును ఆ గొంతులలోనే దూరవలెను; అవి మ్రోగునంతసేపు పాటలో నొక స్వరము తప్పుకొని దారి యిచ్చును. ఒక్క గొంతుతో పలు స్వరములు కలసి మ్రోగినట్లు తోపించుటకు, ఆ స్వరములను బహువేగముగా నొకదాని వెంట నొకటి పలికింతురు. నిమిషమైన నిండని పాట మరల మరల తిరిగి వచ్చును. నూఱుసార్లు విన్నను విసుగు పుట్టని పల్లవి కట్టవలెను. అది యెంత కష్టమో, సంగీతము కొంత నేర్చి విడిచినవారము గనుక మే మూహింపగలము.

తల్లియు కూతురును వంతులవారిగా ఆడి మూడవనాటి సాయంకాలమునకు ఆ యాఖరి గది చేరిరి. నల్లయంగీ ఆకారమును మేము వెంటనే యానవాలు పట్టితిమి. అది కూలిన పిదప ఘోరమైన మృగరూపమున మరల లేచినది. మా కుమార్తె దానిని గెలిచి, మీట క్రింద పెట్టి, అరచేతులు చీరకు తుడుచుకొనెను. తెరమీద పేర్లు వచ్చినవి. అన్నియు పాత భయానక చలనచిత్రముల వారి పేర్లను వెక్కిరించు మాఱుపేర్లు. సంగీతము అనుచోట జేమ్స్ బనానా అని యుండెను. అరటిపండు దొరగారని మనుమరాలు నవ్వినది.

ఆ రాత్రి వారిద్దరును ఈ దొర యెవరా అని వెదకిరి. దొర కాదు, దొరసానియు కాదు. ఆ పాటలను కూర్చినవారు ఇరువురు జపాను యువతులు: యమషిత కినుయో, తెరషిమ సతొయే. యమషిత 1986లో విద్యుద్విద్య చదువు ముగించి కొనామిలో చేరినది. ఆ కాలమున పోటీ కంపెనీలు తమ పనివారిని ఆకర్షించి తీసికొనిపోవునను భయముచే యజమానులు అసలు పేర్లు వేయనిచ్చెడివారు కారు. పురుషుల పేర్లును అట్లే మఱుగుపడినవి. ఆ మాట దాచరాదు. అయినను మాకు మాత్రము నిద్ర పట్టలేదు. ధ్వని తగ్గించుకొని ఒక పిల్ల ఆడిన ఆటకు పేరు దాచుకొని ఒక పిల్ల పాట కట్టినది.

ఈమె యొక్కతెయే కాదని తరువాత తెలిసికొంటిమి. 1987లో క్యాప్‌కామ్ కంపెనీవారి రాక్‌మన్ ఆటకు సంగీతము కూర్చినది మత్సుమయే మనామి. ఆమెకును మాఱుపేరే దక్కినది. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ రెండవ యాటలోని పాటలలో అధికభాగము షిమొముర యోకోవి. కుర్రవాండ్రు గుంపులు కట్టి ఆడిన మల్లయుద్ధపు ఆట యది! 1997లో ఈ డ్రాక్యులా కథకే ప్లేస్టేషన్ యంత్రముపై వచ్చిన సింఫొనీ ఆఫ్ ది నైట్‌కు యమనె మిచిరు సంగీతము కూర్చినది.

ఆటలోపలనే దాగిన స్త్రీయు నొకతె గలదు. 1986 నాటి మెట్రాయిడ్‌లో ఇనుపకవచము తొడిగిన యోధుడు ఆద్యంతము ఒంటరిగా పోరాడును. అమెరికాలో ఆటతో నిచ్చిన చిన్నపుస్తకములో పురుషుడనియే వ్రాసిరి. కొన్ని గంటలలోపల ముగించినవారికి తుదిని ఆ యోధుడు కవచము విడువగా, అది సేమస్ అను యువతి! ఇంకను త్వరగా ముగించినవారికి ఆమె వస్త్రములు తగ్గించి చూపుట మాత్రము మాకు నచ్చలేదు. పోరి గెలిచినదానికి ఇదా మర్యాద? మా కుమార్తెకును నచ్చలేదు.

నేటి యాటలు మనుమరాలు కొన్ని చూపినది. 2019లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వారు చేసిన సెకిరో అనునది చలనచిత్రమువలె నున్నది. కత్తి కత్తికి తగులు క్షణమున మీట నొక్కవలెను. చావు మాత్రము పాత యాటలో వలెనే అడుగడుగున నున్నది. దాని సంగీతమును ప్రధానముగా కూర్చినది కితమురా యుక. ఆమె పేరు దాచలేదు. మాకు అంత నెత్తురు చూచుట రోతగా నుండి సగములో లేచి వచ్చితిమి. మనుమరాలిని కూడ లేపుకొని వచ్చితిమి. అది పెద్దలు ఆడదగిన ఆట యని దాని పెట్టెమీదనే వ్రాసియుండును, తల్లులు చూచుకొనవలెను.

మేమును ఆ పాత కోటలో ప్రవేశింపబోయితిమి. మొదటి మెట్లు ఎక్కుటకే నాలుగు ప్రాణములు పోయినవి. "అమ్మమ్మా, తొందరపడకు, అది పైకి పోయాక అడుగు వెయ్యి" అని మనుమరాలు చెప్పుచునే యుండెను. మా కుమార్తె గోడ కానుకొని నిలిచి చూచుచుండెను. ఆ నిలిచిన తీరు చూచి మీట ఆమె చేతికిచ్చితిమి.

వారు వెళ్లిపోవుటకు ముందటి మధ్యాహ్నము భోజనమైన పిదప మేము నడుము వాల్చితిమి. ముందుగదిలో పాట మొదలై, వెంటనే సన్నగిల్లి, వినబడకుండ పోయినది. లేచి చూడగా మా కుమార్తె, నలువదియొకండేండ్లది, అలవాటు చొప్పున ధ్వని తగ్గించి, మా గదివైపు చూచుచున్నది.

"తగ్గించకే, పెంచు" అంటిమి.